ట్రంపెట్ సంతకి మూడు వేల డాలర్లతో

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా పాప పదో తరగతి. ఆరో తరగతిలో స్కూలు బ్యాండులో ట్రంపెట్ చేతికిచ్చారు, అప్పట్నుంచీ వదల్లేదు. ఈ ఏడాది రీజియన్ బ్యాండుకి (చుట్టుపక్కల స్కూళ్లన్నిటిలోంచీ ఏరి కూర్చే బ్యాండు) కూడా ఎంపికైంది. ఇప్పుడున్నది నాలుగేళ్ల కిందట కొన్న చవక రకం. వాళ్ల బ్యాండ్ డైరెక్టర్ "ఇక మంచిది కొనండి, వేసవిలో ట్రంపెట్ కాన్ఫరెన్సుకి తీసుకెళ్తే అన్ని కంపెనీలవీ ఒకేచోట ఊది చూసుకోవచ్చు" అన్నారు. మూడు వేల డాలర్ల పైమాటేనట. నాకు సంగీతంలో ఓనమాలు రావు. అంత దూరం వెళ్లడం దండగా? వెళ్తే ఏం చూడాలి, ఎలా ఎంచుకోవాలి? ఇంకో సంగతి. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. "ఆడపిల్ల పెళ్లి మేళంలోవాళ్లలా బుగ్గలు పూరించి బాకా ఊదడమేంటి, దానికి లక్షలు పొయ్యడమేంటి" అని రోజూ సణుగుడు. ఆవిడకేం చెప్పను?
– ఒక తండ్రి, టెక్సస్

సమాధానం: వెళ్లండి. ఆ మూడు వేలు మాత్రం ఈ ప్రయాణంలో తియ్యనని మీ అమ్మగారి ముందు ఒట్టేసి మరీ వెళ్లండి.

నేను ఒట్టేసుకోకుండా వెళ్లి దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. చాలా ఏళ్ల కిందటి మాట. కాన్ఫరెన్సులో మూడో రోజు సాయంత్రం. పొద్దుట్నుంచీ ఎన్ని ట్రంపెట్లు ఊదానో లెక్కలేదు, పెదాలు మొద్దుబారిపోయాయి. ఒక బల్ల మీద పూత వెయ్యని పచ్చి ఇత్తడి ట్రంపెట్ కనిపించింది. చేతిలోకి తీసుకుంటే నీళ్లు నింపిన మరచెంబంత బరువు. ఊదితే నా చెవికి బంగారమే. బల్ల వెనకున్నాయన "ఈ ధర రేపు మధ్యాహ్నం దాకానే" అన్నాడు. కార్డు ఇచ్చేశాను. ఇంటికొచ్చి మా ఊరి బ్యాండులో కూర్చున్న మొదటి పావుగంటలోనే పక్క కుర్చీ ఆయన "ఏమిటి, పైన ఆ ఒక్క స్వరం అలా దిగిపోతోంది?" అన్నాడు. దాన్ని పెదాలతో ఎత్తిపట్టీ ఎత్తిపట్టీ ఎనిమిది నెలలకి విసుగొచ్చి నష్టానికి అమ్ముకున్నాను. చేసినవాళ్లని ఏమీ అనను. అలసిన పెదాలతో, ఆ హోరులో, పది నిమిషాల్లో పెళ్లిచూపులు కానిచ్చింది నేనే.

మీ డైరెక్టర్ గారు చెప్పింది ఇంటర్నేషనల్ ట్రంపెట్ గిల్డ్ వాళ్ల వార్షిక సభ గురించే అయి ఉంటుంది. 1970ల నుంచీ ఉన్న సంఘం అది. సభ ఎక్కువగా అమెరికాలోనే, ఏటా వేసవి మొదట్లో, ఏడాదికో ఊళ్లో జరుగుతుంది. 2017లో హెర్షీ, 2019లో మయామీ. 2010లో సిడ్నీ దాకా కూడా వెళ్లింది. దాదాపు వారం రోజుల తిరనాళ్ల అనుకోండి. పొద్దున్నే హాల్లో అందరూ కలిసి పెదాలు వేడెక్కించుకునే క్లాసు, ఆ తర్వాత కచేరీలు, పాఠాలు, పిల్లల పోటీలు, రాత్రి పెద్ద కచేరీ. వీటన్నిటి మధ్య ఎగ్జిబిట్ హాలు. మీరు అడిగింది ఆ హాలు గురించే గానీ, టికెట్టు డబ్బు గిట్టుబాటయ్యేది మిగతా చోట్ల. స్కూల్లో మీ పాప చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ పిల్ల వయసువాళ్లే. ఆర్కెస్ట్రాలో పాతికేళ్లుగా మొదటి కుర్చీలో కూర్చున్న మనిషి నాలుగు గజాల దూరంలో నిలబడి, అతి మెల్లగా ఒక్క పొడవాటి స్వరం పట్టి వదిలితే ఎలా ఉంటుందో యూట్యూబులో తెలీదు. అది ఒకసారి చెవిన పడ్డ పిల్లలు మర్నాటి నుంచి వేరేగా సాధన చెయ్యడం నేను చూశాను. పొద్దుటి క్లాసులు తప్పకుండా పంపండి. పోటీల్లో చేరే ఆలోచన ఉంటే రికార్డింగులు నెలల ముందే పంపాలి కాబట్టి ఈసారికి ప్రేక్షకురాలిగా కూర్చుంటే చాలు.

విమానం, హోటలు, రిజిస్ట్రేషను కలిపితే భారమనిపిస్తే మీకు దగ్గర్లోనే ఇంకో దారి ఉంది. ఏటా ఫిబ్రవరిలో టెక్సస్ సంగీత ఉపాధ్యాయుల సంఘం శాన్ ఆంటోనియోలో సభ పెడుతుంది. మీ పాప ఎంపికైన రీజియన్ మెట్ల మీదుగా పైకెళ్లి, రాష్ట్రం మొత్తంలోంచి ఏరినవాళ్లతో కూర్చిన ఆల్‌స్టేట్ బ్యాండులు వాయించేది అక్కడే. వాద్యాల కంపెనీలూ బల్లలు పరుస్తాయి. మీకు ఐదు గంటల డ్రైవు. ట్రంపెట్ ఒక్కదాని కోసమే జరిగేది కాదు గనక అంత లోతు ఉండదు, కానీ నాలుగైదు రకాలు ఊది చూడ్డానికి సరిపోతుంది. లోపలికి ఎవర్ని రానిస్తారో మీ డైరెక్టర్‌ని అడగండి. విమానంలోనే వెళ్తే ట్రంపెట్ పెట్టెని లగేజీలో వెయ్యకండి. పైన అరలో పట్టే వాద్యాన్ని చోటున్నంతవరకూ కేబిన్‌లోకి రానివ్వాలని 2012లోనే ఇక్కడ చట్టం చేశారు.

ఇక హాలు సంగతి. తలుపు తియ్యగానే మీకు వినిపించేది సంగీతం కాదు. వందమంది ఒకేసారి, ఎవరికి వాళ్లు, తమకొచ్చిన అతి పై స్వరాన్ని అందరికీ వినిపించాలని ఊదుతుంటారు. పుష్కరాల రేవులో తప్పిపోయిన పిల్లల్ని మైకులో పిలిచినట్టుంటుంది. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ఇద్దరికీ కొనుక్కెళ్లండి. ఆ హోరులో ఏ ట్రంపెట్ అయినా సన్నగానే వినిపిస్తుంది, దాంతో పిల్ల ఇంకా గట్టిగా ఊదుతుంది, అరగంటలో పెదాలు వాస్తాయి. అందుకని వేళ చూసుకుని వెళ్లండి. పొద్దున తెరిచీ తెరవగానే, లేదా పెద్ద కచేరీ నడుస్తుండగా హాలు ఖాళీగా ఉంటుంది. నచ్చిన ఒకటి రెండు చేతిలో పెట్టి "దీన్ని ఎక్కడైనా ప్రశాంతంగా ఊది చూడొచ్చా?" అని అడగండి. కొన్ని కంపెనీలు పక్కన గది తీసుకుంటాయి. ఇక్కడివాళ్లు ఇలాంటివి అడిగితే ఏమీ అనుకోరు, మనమే మొహమాటపడతాం.

రోజుకి నాలుగు ట్రంపెట్లు, అంతే. ఐదోది ఎంత ముద్దొచ్చినా రేపటికి.

పాప తన మౌత్‌పీసూ (పెదాలకి ఆనించే ముక్క), తన పాత ట్రంపెటూ రెండూ వెంట తెచ్చుకోవాలి. ట్రంపెట్‌తోపాటు మౌత్‌పీసు కూడా మారిస్తే దేని మహిమ ఏదో తేలదు. కొత్తది ఒక నిమిషం, పాతది ఒక నిమిషం, మళ్లీ కొత్తది. కొత్త వాద్యం ఏదైనా మొదటి పది నిమిషాలూ ఊదేవాళ్లని మెప్పిస్తుంది. కొంత కొత్తదనం, కొంత చలి. ఏసీ హాల్లో చల్లగా పడున్న ట్రంపెట్ శ్రుతి తక్కువగా మొదలై, ఊపిరికి లోపలి గాలి వేడెక్కేకొద్దీ పైకి లేస్తుంది. అందుకని కాసేపు ఊరికే గాలి ఊది వెచ్చబెట్టాకే పరీక్ష.

మీకు సంగీతం రాదన్నారు. ఈ పనికి మీకంటే మంచి మనిషి దొరకడు. ట్రంపెట్ గంట, అంటే చివర వెడల్పుగా విచ్చుకునే భాగం, ముందుకి తిరిగి ఉంటుంది, ఊదేవాళ్లు దాని వెనక ఉంటారు. వాళ్లకి వినిపించేది వేరు, హాలుకి వినిపించేది వేరు. డిజ్జీ గిలెస్పీ అనే గొప్ప జాజ్ విద్వాంసుడి సంగతి మీ పాపకి తెలిసే ఉంటుంది. 1953లో న్యూయార్క్‌లో ఆయన భార్య పుట్టినరోజు వేడుకలో ఎవరో తూలి ఆయన ట్రంపెట్ మీద పడ్డారు, గంట పైకి వంగిపోయింది. ఆ వంకర ట్రంపెట్టే ఊదితే తన నాదం తన చెవికి బాగా అందుతోందని ఆయనకి తోచింది. ఆ తర్వాత అలా పైకి వంచి చేయించుకున్నవే ఊదాడు. మామూలు ట్రంపెట్‌తో ఆ సౌకర్యం లేదు కాబట్టి హాలు చెవి మీరు కావాలి. గదిలో ఇరవై అడుగుల దూరంలో వీపు తిప్పి నిలబడండి. పాప ఏది ఎప్పుడు ఊదుతుందో మీకు చెప్పకూడదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలేసుకుని ఏది విన్నప్పుడు మీకు హాయిగా ఉందో రాసుకోండి. మూడుసార్లు వరస మార్చి చేస్తే, మూడుసార్లూ మీరు ఒకదాన్నే ఎంచుకుంటే అందులో ఏదో ఉన్నట్టు. ఒక్కోసారి ఒక్కోటి ఎంచుకుంటే ఆ ట్రంపెట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేనట్టే, చవకది చాలు. ఈ రెండో సంగతే ఎక్కువసార్లు జరుగుతుందని ముందే చెబుతున్నా.

మీ రెండో పని శ్రుతి లెక్క. ఫోన్‌లో ట్యూనర్ (శ్రుతి ఎంత తప్పిందో చూపించే యాప్) తెరిచి తెర మీకే కనపడేలా పట్టుకోండి. పాపకి చూపించకండి. సూది కనిపిస్తే పెదాలు వాటంతటవే సర్దేస్తాయి, ట్రంపెట్ గుణం బయటపడదు. మధ్యలో ఊదే మామూలు జి అనే స్వరం దగ్గర శ్రుతి చేసుకున్నాక, స్వరాలు ఒక్కోటీ విడిగా ఊదమనండి. పక్కన మీరు ప్లస్సో మైనస్సో అంకె రాసుకోండి. ఏ ట్రంపెటూ అన్నిచోట్లా సున్నా రాదు. ఎక్కడ ఎంత తప్పుతుందో, ఆ తప్పు మీ పాప మోయగలిగినంతదో కాదో అన్నదే చూడాలి.

ముఖ్యంగా రెండు చోట్ల చూడండి. మొదటిది పైన ఇ, ఇ ఫ్లాట్, డి అనే మూడు స్వరాలు. నన్ను ఎనిమిది నెలలు తిన్నది ఈ మూడింట్లో ఒకటే. దీని మూలం మనవాళ్లకి తెలిసిన విషయమే. తంబూరా మంద్ర తీగ మీటితే ఎవరూ మీటని అంతర గాంధారం సన్నగా వినిపిస్తుంది చూడండి, అదీ ఇదీ ఒకటే: ప్రకృతి ఇచ్చే అయిదో అనుస్వరం. మన చెవికది తియ్యగానే ఉంటుంది. కానీ పియానో లెక్కలో కుదిర్చిన గాంధారం కంటే ఇది దాదాపు 14 సెంట్లు తక్కువ. ఒక అర స్వరం 100 సెంట్లు. బ్యాండులో అందరూ పియానో లెక్కలో ఉండగా ఇదొక్కటీ కిందికి వేలాడుతుంది. మంచి ట్రంపెట్‌లో గొట్టం సన్నగా మొదలై వెడల్పయ్యే తీరుని సరిచేసి ఈ లోటు తగ్గిస్తారు. మైనస్ ఎనిమిదో పదో అయితే కంగారు పడక్కర్లేదు. ఇరవై దాటితే ఎంత అందంగా ఉన్నా బల్ల మీద పెట్టేసి రండి.

రెండోది కింద డి, సి షార్ప్. ఇవి ఉండాల్సిన శ్రుతి కంటే పైకి పలుకుతాయి. ఎందుకంటే, మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం చాపితే ఇంచుమించు 148 సెంటీమీటర్లు. అర స్వరం దించాలంటే దాదాపు ఆరు శాతం పొడవు కలపాలి, రెండో వాల్వు (వేలితో నొక్కే మీట) ఆ తొమ్మిది సెంటీమీటర్లూ కలుపుతుంది. మొదటిది 18, మూడోది 28. విడివిడిగా లెక్క సరిగ్గానే ఉంది. మూడూ కలిపి నొక్కితే ఆరు అర స్వరాలు దిగాలి, అందుకు 61 కావాలి. మూడింటినీ కూడితే 55 మాత్రమే! ఆ ఆరు సెంటీమీటర్ల కొరత తీర్చడానికే ఎడమచేతి ఉంగరం వేలికి మూడో వాల్వు స్లైడు (జారే గొట్టం) పెట్టారు. చేసేవాళ్లు మూడో వాల్వుని కాస్త పొడుగు చేసి కొంత సర్దుతారు గానీ పని మొత్తం తీరదు. కాబట్టి మీ పాప వేలు ఆ రింగులోకి హాయిగా వెళ్తోందా, ఊదుతూ ఊదుతూనే స్లైడు ముందుకీ వెనక్కీ జారుతోందా చూడండి. చెయ్యి చిన్నదైతే ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం. బల్ల వెనక ఉన్నవాళ్లు బోరు (గొట్టం లోపలి వెడల్పు) .459 అంగుళాలా, .462 అంగుళాలా, గంట ఏ నంబరు అని మొదలెడతారు. వినండి, తల ఊపండి, మీ అంకెల కాగితం మాత్రం పారేసుకోకండి.

ఈ కింది ముక్క మీ పాపకి చదివి వినిపించండి, తనకి తెలుగు చదవడం రాకపోతే.

తల్లీ, అక్కడ నువ్వు పై సి ఊదక్కర్లేదు. అది నీకొచ్చని నీకు తెలుసు, అక్కడున్నవాళ్లకి అక్కర్లేదు. ముందు కింది స్వరాలు, వీలైనంత మెల్లగా, నాలిక తగిలించకుండా ఊపిరితోనే మొదలెట్టు. వెంటనే పలికితే మంచిది, ఒక క్షణం బుస్సుమని ఆ తర్వాత పలికితే గుర్తుపెట్టుకో. రీజియన్ ఆడిషన్‌కి సాధన చేసిన ఎట్యూడ్‌లో నీకు తప్పులు పోయే నాలుగు బార్లు ఉంటాయిగా, అవి ఊదు. బాగా వచ్చేవి వద్దు. బల్ల మీదున్నది తీసే ముందు అడుగు, ఉంగరమూ వాచీ తీసి జేబులో వేసుకో, వాళ్ల మౌత్‌పీసు పెడితే తుడిచి పెట్టు. పక్కబల్ల దగ్గర ఎవరైనా మాట్లాడుకుంటుంటే ఆగు. పెదాల మీద జిలజిలమంటే ఆ రోజుకి కట్టెయ్యి, కచేరీకి వెళ్లి కూర్చో. చిట్టి పికలో ట్రంపెటూ, ట్రంపెట్ చుట్టం ఫ్లూగల్‌హార్నూ కనిపిస్తాయి, ఊది చూసి మురిసిపో, నాన్నని అడక్కు.

మళ్లీ మీతో. కాన్ఫరెన్సు నుంచి మీరు తెచ్చుకోవాల్సింది రెండు పేర్లూ, ఆ అంకెల కాగితమూ. ఇంటికొచ్చాక కొట్టువాళ్లని ట్రయలుకి పంపమనండి. ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు, వెనక్కి పంపే ఖర్చు ఎవరిది, దారిలో సొట్టపడితే ఎవరి బాధ్యత, ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. "ఇదే ఆఖరి పీసు" అన్నవాళ్లతో నవ్వి నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. కంపెనీ అలాంటివి వందల్లో చేస్తుంది, మళ్లీ దొరుకుతుంది.

ఏ బ్రాండని అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. అమెరికా బ్యాండుల్లో బాక్ స్ట్రాడివేరియస్ కొలబద్దలాంటిది. అందులో 37 నంబరు గంట ఉన్న రకాన్ని పెట్టుకునే మిగతావాటిని పోలుస్తారు. ఆస్ట్రియాలో పుట్టిన విన్సెంట్ బాక్ 1918లో న్యూయార్క్‌లో మౌత్‌పీసులు చెయ్యడంతో మొదలైంది ఆ కంపెనీ. 1961లో సెల్మర్ చేతికొచ్చింది, ఇప్పుడు ఇండియానాలోని ఎల్కార్ట్‌లో చేస్తారు. చేతిపని ఎక్కువ కాబట్టి ఒకే మోడల్‌లో రెండు ఒకేలా ఉండకపోవచ్చు, రెండు మూడు ఊదండి. యమహా జీనో దాని పక్కన నిలబడేదే, ఒకదానికీ ఇంకోదానికీ తేడా తక్కువ అని ఊదేవాళ్లలో పేరు. షికాగో షిల్కీలు తేలిగ్గా ఉంటాయి. వీటిలో ఏదైనా సరే, మంచి స్థితిలో ఉన్న వాడినది దొరికితే నా ఓటు దానికే. వాల్వు నొక్కకుండా దాని స్లైడు లాగితే టప్‌మని చప్పుడు రావాలి. రాకపోతే గాలి కారుతోంది, రిపేరువాళ్లకి చూపించకుండా కొనకండి. సి శ్రుతిలో పలికే ఇంకో రకం, సి ట్రంపెట్, ఇప్పుడొద్దు.

పాత ట్రంపెట్ అమ్మెయ్యకండి. మార్చింగ్ బ్యాండ్ సీజనులో ఆగస్టు ఎండలో మైదానం మధ్య నడుస్తూ, పక్కవాడి ట్రాంబోన్ తగిలి సొట్టలు పడేది దానికే పడాలి. కొత్తది కచేరీ బ్యాండుకీ ఆడిషన్లకీ. వెండి పూతదైతే పూజ సామానులా నల్లబడుతుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఇత్తడి రంగులో మెరిసేదానిమీద లాకర్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. ఇక్కడ మీ అమ్మగారికి ఒక విన్నపం: దయచేసి చింతపండు పెట్టి తోమొద్దు. నవ్వకండి. మా అమ్మ ప్రేమ కొద్దీ నా మొదటి ట్రంపెట్‌కి అదే సేవ చేసింది.

అమ్మగారి సణుగుడికి వద్దాం. బుగ్గల విషయంలో ఆవిడది సగం నిజం. గిలెస్పీ బుగ్గలు కప్పలా పూరించి ఊదేవాడు, లోకమంతా ఆ ఫొటోలు చూసింది. స్కూళ్లలో మాత్రం అలా ఊదొద్దనే నేర్పుతారు. మీ పాప ఊదేటప్పుడు ఒకసారి దగ్గర కూర్చుని చూడమనండి, బుగ్గలు బిగిసి ఉంటాయి. ఆడపిల్ల అన్నదానికి జవాబు సెయింట్ లూయిస్‌లో ఉంది. అక్కడి సింఫనీ ఆర్కెస్ట్రాలో 1973లో సూజన్ స్లాటర్ మొదటి ట్రంపెట్ కుర్చీ ఎక్కింది. అమెరికా పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఆ కుర్చీ ఎక్కిన తొలి మహిళ ఆవిడే. 2010 దాకా దిగలేదు. ఇత్తడి వాద్యాలు ఊదే మహిళల కోసం అంతర్జాతీయ సభ కూడా మొదలెట్టింది, మొదటిది 1993లో జరిగింది.

పెళ్లి మేళం మాటకి మాత్రం నాకు కొంచెం కష్టం వేసింది. నేను ట్రంపెట్ మొదటిసారి విన్నది మా వీధిలో ఊరేగింపులోనే. మీరట్ నుంచి తెప్పించిన ట్రంపెట్, వాల్వులు కారుతుంటాయి, అదే వాద్యం మీద ఆ మేళంలో ఊదే ఆయన రాత్రి పది నుంచి తెల్లారగట్ల దాకా నడుస్తూ, పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో, కాగితం ముక్క లేకుండా, అడిగిన పాటల్లా ఊదేవాడు. మూడు గంటలు కూర్చుని ఊదితే నా పెదాలు పనిచెయ్యవు. మీ అమ్మగారు తన పెళ్లిలో మేళం ఏ పాట వాయించిందో గుర్తుందేమో అడగండి. తప్పకుండా గుర్తుంటుంది. ఆ పాట వరస పాపకి పాడి వినిపించమనండి.

ట్రయలుకి రెండు ట్రంపెట్లు ఇంటికొచ్చిన రోజు అమ్మగారిని హాల్లో సోఫాలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టండి. పాప వంటింటి గుమ్మంలో నిలబడి ఆ పాటే ఒకసారి దీనితో, ఒకసారి దానితో, ఒకసారి పాతదానితో ఊదాలి. ఏది బావుందో ఆవిడే చెప్పాలి. ధరలు మాత్రం ముందు చెప్పకండి, చెబితే ఆవిడ చవకదే ఎంచుకుంటారు.